వంతు బొమ్మ

కోటు ఎడమ అంచున మూడో కాజా చుట్టూ దారం తిరుగుతోంది. నల్ల గుడ్డ, నల్ల దారం. కాజాలు కుట్టేవాళ్ళకి అంతకంటే పెద్ద శత్రువు లేదు. కిటికీలోంచి ఎంత వెలుతురు పడ్డా కుట్టు ఎక్కడ ఆగిందో గుడ్డ ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. కాజాలక్క అలాంటి గుడ్డను కళ్ళతో కుట్టడం మానేసి చాలాకాలమైంది. ఎడమచేతి బొటనవేలి గోరు అంచుకి ఆనించి, వేసిన కుట్టును తడిమి చూసి, దాని పక్కనే ఇంకో కుట్టు వేస్తుంది. సూది పైకి వచ్చిన ప్రతిసారీ దారం చిన్న ముడిగా బిగిసి అంచు మీద కూర్చుంటుంది. ఆ ముడులన్నీ ఒకే ఎత్తున, పసిపిల్లల పాలపళ్ళలా వరసగా ఉంటాయి. కోటు తొడుక్కునే మనిషి వాటివైపు జన్మలో చూడడు. గుండీ సాఫీగా దూరిందంటే కాజా అనేది ఒకటి ఉందన్న సంగతే మర్చిపోతాడు.

"మర్చిపోవాలి కూడాను," అంటుంది కాజాలక్క. "గుర్తొచ్చిందంటే నేను సరిగ్గా కుట్టలేదన్నమాట."

ఆ దర్జీ కొట్టు చెప్పుల దుకాణం మీద మేడగదిలో ఉంది. కిటికీ దగ్గర కూర్చుంటే వీధిలో పోయే బస్సుల పైకప్పులు కనిపిస్తాయి. కాజాలక్క లంగా జాకెట్ల వయసులో ఆ కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుంది. జుట్టు నెరిసినా పీట మారలేదు. మిషన్లు మారాయి, ఓనర్లు మారారు. కాజాలు కుట్టే మిషను కూడా ఒకటి వచ్చి, మూల కూర్చుని దుమ్ము కొట్టుకుపోయింది. మంచి కోటు కుట్టించుకునేవాడికి మిషను కాజా నచ్చదు.

ఆ రోజు నెలాఖరు శనివారం. నెలాఖరు శనివారం కాజాలక్కకి ఒంటిపూటే పని. పీట కింద సంచిలో పలచటి చొక్కా అట్టపెట్టె ఒకటి నిలువుగా పెట్టి ఉంది. ఇప్పటి ఓనరు లెక్కలు చూసుకుంటూ దానివైపు ఒక చూపు విసిరాడు.

"అక్కా, ఇవాళ యుద్ధమేనా?"

"యుద్ధమే మరి. రెండు వంతులు మింగి కూర్చున్నాడు ఆ పెద్దమనిషి. ఇవాళ కక్కించందే రాను."

"పాపం, ఒంట్లో బాగా లేదంటున్నారుగా?"

"ఒంట్లో బాగా లేకపోతే మందు వేసుకోవాలి గానీ బొమ్మ దాచుకుంటారా?" అంది దారం పళ్ళతో తెంపుతూ.

ఆ పెద్దమనిషి ఇదే కొట్టులో ఇస్త్రీ చేసిన మనిషి. ఆమెకి ఇస్త్రీ అన్నయ్య. కొట్టులో తక్కినవాళ్ళకి 'మడతపేచీ'. పొద్దస్తమానం బట్టల మడతలు సరిచేస్తాడు, నోరు విప్పితే పేచీ పెడతాడు అని కటింగ్ మాస్టారు ఆయనకి పెట్టిన పేరది. మాస్టారు ఇప్పుడు లేడు. ఆ పేరు మాత్రం నిలిచిపోయింది.

ఈ వంతుల సంగతి మొదలైందీ ఒక కోటుతోనే.

చాలా ఏళ్ళ కిందట ఒకాయన తన తాతగారి కోటు తెచ్చి తన ఒంటికి సరిచేయమన్నాడు. పాత కుట్లు విప్పే పని కాజాలక్కది. వీపు దగ్గర అస్తరు ఊడదీస్తే లోపల మైనపు కాగితంలో చుట్టి, మధ్యకి మడిచిన మందపాటి కాగితం ఒకటి బయటపడింది. మాస్టారు దాన్ని కోతబల్ల మీద పరిచాడు. జానెడు పొడవు లేని బొమ్మ. పైన సగం కాటుక లాంటి మబ్బు. మబ్బు అంచున కుట్టుపోగంత సన్నగా, వంకరటింకరగా బంగారు మెరుపు. దాని ముందు బారు తీరిన తెల్ల కొంగలు. కింద మేడ మీద ఒక స్త్రీ, స్తంభానికి చెయ్యి ఆనించి పైకి చూస్తోంది. ఆమె మేలిముసుగు ఎంత పలచనంటే దానిలోంచి పావడా ఎరుపు కనిపిస్తోంది. మడత పడినచోట రంగు రాలి, తెల్లటి గీత ఆమె నడుము మీదుగా పోయింది.

కోటు తెచ్చినాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "పాత కాగితం. కావాలంటే మీరే ఉంచుకోండి," అన్నాడు. ధర్మానికి మాస్టారు మరోసారి అడిగాడు. "అది సరే, కోటు ఎప్పటికిస్తారు?" అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ అన్నం గిన్నెలు పక్కన పెట్టి బల్ల మీదికి వంగారు. మాస్టారు పావడా కింది ఘేరు విచ్చుకున్న తీరు చూశాడు. "ఇంత చిన్న బొమ్మలో గుడ్డ ఎంత పట్టిందో చూడండి. ఎక్కడ కుచ్చు పడాలో అక్కడే పడింది. వీడెవడో గుడ్డ తెలిసినవాడు," అన్నాడు. కాజాలక్క మెడలో ముత్యాలు చూసింది. అవి గీసినవి కావు. తెల్లరంగు చుక్కలు చుక్కలుగా పెట్టి, ఆరాక మళ్ళీ పెట్టి, ముడుల్లా ఉబ్బేలా చేసినవి. వేలు ఆనిస్తే తగిలేలా ఉన్నాయి. తన కుట్టు తనకే కనిపించినట్టయి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇస్త్రీ అన్నయ్య మాత్రం బొమ్మను చూడ్డం మానేసి కాగితం వెనక్కి తిప్పాడు. వేలితో రుద్ది చూశాడు. మొహం విప్పారింది.

"దీనికి ఇస్త్రీ చేశార్రా!"

ఎవరూ నమ్మలేదు. పాత సామాన్ల సంతలో ఒక ముసలాయన తర్వాతెప్పుడో చెప్పాడు: ఇవి భారతదేశపు పాత రాజుల కాలం నాటి సూక్ష్మచిత్రాలు. రంగు వేసే చిత్రకారుడు మధ్యమధ్యలో కాగితాన్ని నున్నటి బండ మీద బోర్లా పెట్టి, వెనకవైపు నుంచి మెరుగురాయితో రుద్దుతాడు. అప్పుడే రంగు కాగితంలోకి దిగి నిగనిగలాడుతుంది. ఆ మాట విన్నాక ఇస్త్రీ అన్నయ్య వారం రోజులు నేలమీద నడవలేదు. "చూశావా చెల్లెమ్మా, ఇస్త్రీ లేందే రాజుకైనా మెరుపు లేదు," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

మొదటిరోజు ఆయన మరో మాట కూడా అన్నాడు. "ఎవరి కోసమో ఎదురుచూస్తోంది పాపం."

కాజాలక్క తల ఎత్తకుండా, "ఎవరి కోసమూ కాదు. వాన చూస్తోంది," అంది.

ఆమె భర్త అనేవాడు పనికని ఊరు దాటి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడని కబురు వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని ఇస్త్రీ అన్నయ్య ఆ మాట మళ్ళీ జన్మలో ఎత్తలేదు.

బొమ్మ ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు మాస్టారే తీర్పు చెప్పాడు. "మూడు ముక్కలు చెయ్యలేం. కోతలో నన్ను మించినవాడు లేడు, నేనే చెప్తున్నా. నెలకో ఇల్లు. వంతు వంతే. అమ్మేది లేదు, అడిగేది లేదు."

ఒక బొమ్మతో ఆగితే అది వింత. ఆగలేదు కాబట్టే అది జీవితమైంది. సెలవు రోజున ముగ్గురూ కాళ్ళకు బలపాలు కట్టుకుని పాత పుస్తకాల అంగళ్ళూ, ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళ సామాన్ల కుప్పలూ తిరిగేవారు. మంచి బొమ్మలు వాళ్ళ చేతికి అందేవి కావు, అవి పెద్ద దుకాణాల అద్దాల వెనక్కి పోయేవి. అందుకని చెడిపోయినవాటిలో మంచివి వెతికారు. రాకుమారుడి పిడికిలి మీద డేగను పురుగు తినేసింది. చేతి తొడుగు మాత్రం మిగిలింది, అయినా ఆ మణికట్టు వంపు చూస్తే మీద బరువైన పక్షి ఉందని తెలిసిపోతుంది. చలిమంట దగ్గర ఇద్దరు స్త్రీలు కూర్చున్న బొమ్మలో మూడో ఆమె చెయ్యి ఒక్కటే దొరికింది, మంటవైపు చాచి. తడిసి ముఖం చెరిగిన ఏనుగు ఒకటి. తోటలో జింక ఉన్న బొమ్మకి కింది మూల లేదు. కానీ దాని చెట్టు ఆకుల మధ్య అక్కడక్కడా అతికించిన పచ్చటి పలుకులు రంగు కాదు, పురుగు రెక్క పెంకులు. బొమ్మను కాస్త వంచి పట్టుకుంటే అవి భగ్గున వెలుగుతాయి. అందరూ కాదన్నవాటిని ఈ ముగ్గురూ ఇంటికి తెచ్చి, దుమ్ము ఊది, మాస్టారు కోసిచ్చిన అట్ట చట్రాల్లో నిలబెట్టి, చొక్కా పెట్టెల్లో పడుకోబెట్టి, నెలనెలా చేతులు మార్చారు. అంత శ్రద్ధగా కొందరు పిల్లల్ని కూడా పెంచరు.

కాజాలక్క తమ్ముడింట్లో ఉంటుంది. తమ్ముణ్ణి చదివించి నిలబెట్టింది ఆమే. మరదలు మంచిదే, నోరే కాస్త పదును. పొద్దున బయల్దేరేటప్పుడు కూడా అంది, "వదినా, మన ఇంట్లో అద్దె కట్టకుండా ఉండేవాళ్ళు ఆ పెట్టెలో వాళ్ళే. వాళ్ళకైతే మీరు దుప్పటి కూడా కప్పుతారు."

"నీకూ కప్పుతాను, పెట్టెలో పడుకో," అని చెప్పులు వేసుకుంది కాజాలక్క.

మరదలు నవ్వి, వాన వచ్చేలా ఉందని ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చి చొక్కా పెట్టెకి తనే తొడిగింది.

నాలుగో కాజా అయ్యాక కోటు కొక్కేనికి తగిలించి, సూదులు దిండులో గుచ్చి కాజాలక్క లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. కిటికీ దగ్గర ఒక్క క్షణం నిలబడి దూరంగా ఉన్నవేవో చూసింది. దగ్గరివి చూసీ చూసీ అలిసిన కళ్ళకి అది మాస్టారు నేర్పిన మందు.

బస్సులో చోటు దొరికింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఉంచింది. పక్క సీటులో ఆవిడ అడిగింది, "చొక్కాలా అండీ?"

"అవునండీ."

"ఎవరికి?"

"మా అన్నయ్యకి."

"పుట్టినరోజా?"

"కాదండీ. గొడవ."

పక్కావిడ తన సంచి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కాజాలక్క కిటికీ వైపు తిరిగి అనాల్సిన మాటలు వరసగా పేర్చుకుంది. అన్నిటికంటే ముందు ఆస్పత్రి మాట.

ఒకసారి ఆమెకి కడుపులో ఆపరేషను అయింది. ఆ నెల మబ్బు బొమ్మ ఆమె వంతు. మంచం పక్క బల్ల మీద పెట్టుకుంది. నెలాఖరు రానే వచ్చింది. "అన్నయ్యా, ఒక్క వారం ఉండనీ," అని అడిగింది. బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చిన ఇస్త్రీ అన్నయ్య బత్తాయిలు బల్ల మీద పెట్టి, బొమ్మ సంచిలో పెట్టుకున్నాడు. "వంతు వంతే, చెల్లెమ్మా," అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆపరేషను సంగతి ఆమె ఎవరికీ పెద్దగా చెప్పలేదు గానీ ఆ బత్తాయిల సంగతి చెప్పని మనిషి లేడు. మాస్టారు మంచాన పడ్డప్పుడు కూడా, అడక్కముందే, నెలాఖరుకి తన దగ్గరున్న బొమ్మని కొడుకు చేత పంపించేశాడు. అదీ మర్యాద. అలాంటిది, ఈ మనిషి ఒక నెలాఖరున "దగ్గు ఎక్కువగా ఉంది, రావద్దు" అన్నాడు. తర్వాతి నెలాఖరున "ఇంకొక్క నెల" అన్నాడు. ఎదుటివాళ్ళకి రూలు చెప్పి తాను ఎగ్గొట్టడమేనా పెద్దరికం?

ఇస్త్రీ అన్నయ్య కొడుకింట్లో ఉంటున్నాడు. కింది అంతస్తు వాటా, సన్నటి నడవా, నడవాలో ఆరేసిన బట్టలు. కోడలు తలుపు తీసింది. రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రిపని చేసే పిల్ల, కళ్ళ కింద నీడలు, చేతులు తడి.

"వచ్చావా పిన్నీ. నీ ఫోను మోగితే చాలు మామయ్య దుప్పటి ముసుగు పెట్టేస్తున్నాడు."

"ఎలా ఉన్నాడు?"

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "నిన్న డాక్టరు వచ్చి చూశాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళి ఏం చేస్తారు, ఇంట్లోనే ఉంచండి అన్నాడు. పొద్దున లేవగానే ఇస్త్రీ పెట్టె కావాలన్నాడు. నేను చేసిస్తా అంటే కళ్ళెర్రజేశాడు. ఏం చేసుకున్నాడో, తలుపు వేసేసుకున్నాడు."

గదిలో ఇస్త్రీ అన్నయ్య కిటికీ పక్క చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు బొగ్గుల పెట్టెను కాగితంలా ఆడించిన మనిషి. చొక్కాలో ఒళ్ళు ఎక్కడుందో వెతుక్కోవాలి ఇప్పుడు. మణికట్లు మాత్రం వెడల్పు తగ్గలేదు. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు నున్నగా మెరుస్తున్నాయి. మంచం మీద, ఆయన చేతికి అందేంత దూరంలో, తెల్లగుడ్డలో చుట్టిన బొమ్మ సిద్ధంగా ఉంది.

అది చూడగానే కాజాలక్క పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

"కూర్చో చెల్లెమ్మా. కూర్చుని తిడితే నీకే సుఖం."

ఆమె మంచం అంచున కూర్చుంది. "రెండు వంతులు మింగావు అన్నయ్యా."

"మింగాను."

"ఆస్పత్రిలో నాకు ఒక్క వారం ఇవ్వలేదు నువ్వు."

"ఇవ్వలేదు." ఊపిరి కోసం ఆగాడు. "ఇస్తే నువ్వు అక్కడే ఉండిపోయేదానివి. అన్నం ముట్టట్లేదని నర్సు చెప్పింది. బొమ్మ కోసమైనా లేచి ఇంటికొస్తావని పట్టుకుపోయా."

కాజాలక్క ఆయన మొహం వంక చూసింది. ఎన్నో ఏళ్ళుగా తిరగలి రాయిలా గుండెమీద మోసిన మాట అది. "ఇప్పుడు కల్పించావు."

"కల్పించానో లేదో ఇప్పుడెవరు చెప్తారు? సాక్ష్యానికి నర్సు లేదు, మాస్టారూ లేడు. పిల్లికి ఎలుక సాక్ష్యం."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆయనకి దగ్గయింది. దగ్గు ఆగేదాకా ఆమె ఆయన వీపు నిమిరింది. చేతికింద ఎముకలు కాజాల్లా వరసగా తగిలాయి.

"ఒక సంగతి కనిపెట్టా చెల్లెమ్మా, ఈ రెండు నెలల్లో," అన్నాడు తేరుకుని. "మనం ఇన్నేళ్ళూ ఆవిడ వాన చూస్తోంది, వాన చూస్తోంది అన్నాం. అందులో వాన లేదు. మబ్బుంది, మెరుపుంది, కొంగలు గూటికి పోతున్నాయి. చినుకు లేదు. ఆవిడ కాళ్ళకింద గచ్చు పొడిగా ఉంది, చూడు కావాలంటే."

"నాకు తెలుసు."

"తెలుసా? ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పేచీ పెడతావని."

ఆయన కుర్చీకి తల ఆనించి మెల్లగా నవ్వాడు. "వాన వచ్చేముందు గాలి చల్లగా ఉంటుంది కదూ. అది వేశాడు వాడు. గాలికి రంగు లేదు, అయినా వేశాడు. దాని కోసమే ఉంచుకున్నా. చాల్లే, చూశా. తీసుకెళ్ళు. నీదే న్యాయం."

కాజాలక్క చొక్కా పెట్టె తెరిచి జింక బొమ్మ ఇచ్చింది. ఈ నెల ఆయన వంతు అది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, కిటికీ వెలుగు పడేలా కొద్దికొద్దిగా వంచాడు. ఆకుల మధ్య పచ్చటి పెంకులు ఒకటి, ఆ పక్కనింకొకటి, తర్వాత అన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆ పచ్చదనం ఆయన గడ్డం మీద పడింది.

"వెలిగింది," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"వచ్చే నెలాఖరుకి మళ్ళీ వస్తా. ఈసారి దుప్పటి ముసుగు పెడితే దుప్పటితో సహా పట్టుకుపోతా."

"ఊఁ," అన్నాడు బొమ్మలోంచి కళ్ళు తిప్పకుండా.

వీధి మొదట్లో బస్సు ఆగేచోట సిమెంటు బల్ల మీద కూర్చుంది కాజాలక్క. గాలి చల్లబడింది. గెలిచి వస్తున్న మనిషికి ఉండాల్సిన హుషారు ఏదీ కాళ్ళలో లేదు. చినుకులు పడితే తడుస్తుందని, బొమ్మను పెట్టెలో పెట్టబోతూ చుట్టి ఉన్న గుడ్డ వంక మొదటిసారి సరిగ్గా చూసింది.

పాత నూలు దుప్పటిలోంచి చింపిన ముక్క. అంచులు చేత్తో మడిచి అణిచినవి. కుట్టులేదు, ఇస్త్రీతోనే నిలబెట్టాడు. అడ్డంగా ఒక మడత, నిలువుగా ఒక మడత. గీసినట్టున్నాయి. నీళ్ళు చిలకరించి, తడి సమంగా పట్టేదాకా ఆగి, అప్పుడు ఇస్త్రీ పెట్టె ఆనించినవాడి పని అది. మూలల్లో పెట్టె మొన పెట్టి నొక్కిన గుర్తు కూడా ఉంది. అలా నొక్కాలంటే భుజం బరువంతా వెయ్యాలి. కొట్టులో నిలబడి పనిచేసే రోజుల్లో ఆయన అలా నొక్కినప్పుడు బల్ల కాళ్ళు కిర్రుమనేవి. ఇప్పుడు ఒక మాట పూర్తి చెయ్యడానికి మధ్యలో ఆగి ఊపిరి తెచ్చుకుంటున్నాడు. ఆ మనిషి పొద్దున తలుపు వేసుకుని, మంచం అంచున కూర్చుని, ఎన్నిసార్లు ఆగి ఉంటాడో, ఎంతసేపు పట్టి ఉంటుందో. ఇష్టం లేకుండా ఇచ్చేవాడు ఇలా ఇవ్వడు.

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఆమె వంక చూశాడు. ఆమె చెయ్యి ఊపింది, రానన్నట్టు. బస్సు పోయింది.

"ఇలాంటి మడత వేసేవాడితో నాకేం పేచీ," అనుకుంది పైకే. రూలు పెట్టిన మాస్టారు ఉంటే ఏమనేవాడో ఆలోచించింది. ఒకటే అనేవాడు: గుడ్డ మనిషి కోసం గానీ మనిషి గుడ్డ కోసం కాదు. లేచి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. వచ్చినప్పటికంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. ఇంకో నెల ఉంచుకో, రెండు నెలలు ఉంచుకో, నీ ఇష్టం అని చెప్తే ఆయన మొహం ఎలా మారుతుందో ఊహించుకుంది. ఠక్కున పేచీ పెడతాడు, వంతు వంతే అంటాడు, అప్పుడు తను ఏమనాలో కూడా అనుకుంది.

కోడలు తలుపు తీసి, "ఏం మర్చిపోయావు పిన్నీ?" అంది.

"ఏం లేదమ్మా. ఒక మాట చెప్పి వెళ్తా."

ఆయన కుర్చీలో అలాగే ఉన్నాడు. తల కిటికీ చట్రానికి ఆనుకుంది. జింక బొమ్మ ఒళ్ళో, రెండు చేతుల మధ్య, వెలుగువైపు కాస్త వంగి ఉంది. ఆకులు వెలుగుతూనే ఉన్నాయి. నిద్రపట్టిందనుకుంది.

"అన్నయ్యా, ఇది ఇంకో నెల నీ దగ్గరే ఉండనీ."

రెండోసారి చెప్పబోయి ఆగిపోయింది. ఒక పక్కన గోడ గడియారం, వంటింట్లో కుళాయి చప్పుడు, కిటికీ బయట ఎవరో సైకిలు ఆపిన శబ్దం. గదిలో ఉండాల్సిన శబ్దం ఒకటి మాత్రం లేదు. ఆమె దగ్గరకు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇస్త్రీ చేసిన గుడ్డలో కాసేపు మిగిలే వెచ్చదనం లాంటిది ఇంకా ఉంది.

కాజాలక్క కేక వెయ్యలేదు. బొమ్మ జారి పడకుండా ముందు ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి, జింకను కిటికీ గట్టు మీద నిలబెట్టింది. గుడ్డ విప్పి మబ్బు బొమ్మను దాని పక్కన పెట్టింది. ఆయన నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి దువ్వింది. చొక్కా పై గుండీ ఊడి ఉంటే కాజాలో దూర్చింది. ఆ కాజా ఆమె కుట్టిందే. నేను పట్టుకుపోవడం వల్లేనా అన్న ప్రశ్న ఒకటి గొంతుదాకా వచ్చింది. కిటికీలో పచ్చగా వెలుగుతున్న ఆకుల వంక చూసింది. ఆయన ఆఖరిగా చూసినది అది. ప్రశ్న అక్కడే ఆగిపోయింది. అప్పుడు వంటింట్లోకి వెళ్ళి, ఆ పిల్ల చేతిలో గిన్నె తీసి పక్కన పెట్టి, భుజం మీద చెయ్యి వేసి చెప్పింది.

తర్వాత ఇల్లు నిండింది. కొడుకు పనిలోంచి పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు వచ్చి వెళ్ళాక ఆయన్ని ముందుగదిలోకి చేర్చారు. పక్క వాటాలవాళ్ళు కుర్చీలు తెచ్చారు, టీ పెట్టారు, తలుపు దగ్గర గొంతులు తగ్గించి మాట్లాడారు. కొట్టు ఓనరు షట్టరు దించి వచ్చాడు. కాజాలక్క ఎవరికి ఏం కావాలో చూస్తూ, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుంటూ సాయంత్రందాకా ఉంది. ఆమె కళ్ళు తడవడం ఎవరూ చూడలేదు. నడవాలో ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టేటప్పుడు మాత్రం ఒక చొక్కా మీద చాలాసేపు ఆగింది.

బయల్దేరుతుంటే కోడలు గుమ్మందాకా వచ్చింది. మొహం వాచి ఉంది.

"పిన్నీ, రెండు బొమ్మలూ ఇక్కడే వదిలేశావేం? వంతుకి ఒకటే కదా."

"జింక మీ మామయ్యది. ఆయన నెల ఇవాళే మొదలైంది, ఇంకా అవలేదు."

"మరి మబ్బు?"

కాజాలక్క చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగింది. "నువ్వెప్పుడైనా చూశావా దాన్ని?"

"రోజూ చూస్తా. పనినించి వచ్చి మామయ్యకి మందిచ్చేటప్పుడు." ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆమె ముసుగు ఒక్కచోట గాలికి లేచి ఉంటుంది, భుజం దగ్గర. నాకు అదిష్టం."

కాజాలక్క ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గమనించలేదు. నిటారుగా నిలబడి ఆ పిల్ల వంక కొత్తగా చూసింది.

"అయితే అది నీ వంతు. నెలాఖరు శనివారం కొట్టుకి పట్టుకురా. ఆలస్యం చేస్తే ఊరుకోను, ముందే చెప్తున్నా."

"దానికి బదులు నాకేం ఇస్తావు?" అంది ఆ పిల్ల ఏడుపు మధ్యలోంచి.

"డేగ లేని రాకుమారుడు," అంది కాజాలక్క. "వచ్చి చూసుకో."

వెళ్ళబోతూ ఒక్కసారి గదిలోకి తొంగిచూసింది. కుర్చీలు జరిపినప్పుడు తెల్లగుడ్డను ఎవరో తీసి మంచం కోడు మీద పడేశారు. ఆమె లోపలికి వెళ్ళి దాన్ని అందుకుంది. మళ్ళీ మడతపెట్టడానికి చెయ్యాల్సిందేమీ లేకపోయింది. అడ్డం మడత దానంతటదే ఒదిగింది, నిలువు మడత దాని వెంట వచ్చింది. కిటికీ గట్టు మీద రెండు బొమ్మల ముందు పెట్టి బయటికి నడిచింది. సాయంత్రపు గాలి కిటికీలోంచి వచ్చి తెరను కదిపింది, మంచం మీది దుప్పటి అంచును కదిపింది. ఆ గుడ్డ మాత్రం అంచుకి అంచు అంటి, నాలుగు మూలలూ నిలిచి, పొద్దున ఆయన నొక్కి వదిలిన చోటే కదలకుండా ఉంది.